యువకులు – సుఖవ్యాధులు: సిగ్గు తెచ్చే ముప్పు

జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ చెబుతాం. కాలికి ముల్లు గుచ్చుకుంటే వీధి అరుగు మీద కూర్చుని పదిమందికీ చూపిస్తాం. కాని బొడ్డుకు దిగువన చిన్న పుండు లేస్తే మాత్రం కన్నతల్లికి చెప్పం, కట్టుకున్న భార్యకు చెప్పం, ఆఖరికి డాక్టరుకు కూడా సగమే చెబుతాం. ఆసుపత్రికి వచ్చే యువకుల్లో చాలామంది చీటీ మీద "నీరసం" అనో, "కడుపులో మంట" అనో రాయించుకుంటారు. మందులు రాయించుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "ఇంకొక్క మాటండీ..." అంటారు. ఆ ఇంకొక్క మాటే అసలు జబ్బు.

కోనసీమ నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఇంకొక్క మాట గురించే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి పేరు లేకుండా, చిరునామా లేకుండా రాస్తున్నారు. పేరు రాయకపోయినా పరవాలేదు. అడిగిన సంగతి అవసరమైనది. అందుకే ఈ వారం మొహమాటం పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఇది పెద్దలు కూడా చదవవలసిన సంగతే.

ధాతువు పోతోందన్న దిగులు

కథ చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో పిల్లవాడికి నిద్రలో వీర్యస్ఖలనం అవుతుంది. అది ఎందుకయిందో చెప్పేవారు లేరు. బస్టాండు గోడ మీద పోస్టరు చెబుతుంది, ఇప్పుడైతే సెల్‌ఫోను చెబుతుంది. "నూరు రక్తపు బొట్లు కలిస్తే ఒక వీర్యపు బొట్టు" అని ఎవరో అంటారు. ఇక ఆ కుర్రవాడికి నిద్ర ఉండదు. బుగ్గలు లోపలికి పోయినా, పరీక్షలో మార్కులు తగ్గినా, పొద్దున్న లేవగానే ఒళ్ళు బరువుగా ఉన్నా, అన్నిటికీ అదే కారణమనుకుంటాడు.

శాస్త్రం చెప్పేది వేరు. వీర్యం రక్తం నుంచి కరిగి వచ్చేది కాదు. వీర్యకోశాలు, ప్రోస్టేటు గ్రంథి ఎప్పటికప్పుడు తయారుచేసే ద్రవం అది. ఒకసారి స్ఖలనంలో వచ్చేది సుమారు 2 నుంచి 5 మిల్లీలీటర్లు. అందులో అధికభాగం నీరే. నోట్లో లాలాజలం ఊరినట్టే అది కూడా ఊరుతుంది, నిండితే నిద్రలో పోతుంది. హస్తప్రయోగం వల్ల అంగం చిన్నదవడం, వంకర పోవడం, పిల్లలు పుట్టకపోవడం వంటివి జరగవు. మూత్రం చివర తెల్లగా పోవడం కూడా చాలాసార్లు ఫాస్ఫేట్ లవణాల వల్లనే. ఈ భయం మన దేశంలో ఎంత విస్తారంగా ఉందంటే, 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు దీనికి "ధాతు సిండ్రోమ్" అని పేరే పెట్టారు. జబ్బు మనసులో ఉన్న దిగులుది, వీర్యానిది కాదు.

ఈ దిగులును అమ్ముకునేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. లాడ్జి గదిలో వారానికొక రోజు కూర్చునే "ప్రఖ్యాత వైద్యులు" వేలకు వేలు గుంజి లేహ్యాలూ పొడులూ ఇస్తారు. సంభోగ శక్తిని పెంచుతామని, సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం వచ్చి ఏడు దశాబ్దాలయినా పోస్టర్లు పోలేదు, ఇప్పుడు గోడల మీద నుంచి ఫోన్లలోకి కూడా ఎక్కాయి.

"మగతనం పరీక్ష" అనే ప్రమాదం

దిగులు దిగులుగానే ఉండిపోతే కొంత నయం. అది మరో దారి పట్టడంతోనే చిక్కంతా వస్తుంది. "నేను పెళ్ళికి పనికొస్తానా?" అన్న అనుమానం తినేస్తుంటే, స్నేహితుడొకడు "ఒకసారి వెళ్ళి చూసుకోరాదూ" అంటాడు. దుబాయో, కువైట్టో వెళ్ళే మిత్రుడి వీడ్కోలు విందులో నాలుగు గ్లాసులు పడ్డాక బండి ఎటో తిరుగుతుంది. అక్కడ కండోము అడగడానికి సిగ్గు, తాగిన మత్తులో తొడుక్కోవడం చేతకాదు. "ఒక్కసారికి ఏమవుతుందిలే" అనుకుంటాడు. ఏ కోరికా లేకపోయినా, కేవలం భయం తీర్చుకోవడానికి వెళ్ళి జబ్బు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. చిన్నప్పుడే ఎవరైనా కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి ఉంటే వాళ్ళకు ఆ అవసరమే రాదు.

ఇంకొక గుంపు ఇల్లు వదిలి దూరాన బతికేవాళ్ళు. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో ఉత్తరాదికి వెళ్ళే లారీ డ్రైవరు, క్లీనరు రోజుల తరబడి రోడ్ల మీదే ఉంటారు. గల్ఫ్ దేశాల్లో పదిమంది ఒక గదిలో పడుకుని, రెండేళ్ళకొకసారి ఇంటికొచ్చే కుర్రాళ్ళు మన ఊళ్ళలో వీధికొకరున్నారు. వీళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. ఒంటరితనం, చేతిలో డబ్బు, అడిగేవాళ్ళు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎవరికైనా కాలు జారుతుంది. డాక్టరుగా నేను చూసేది కాలు జారినవాడికి ఎక్కడ దెబ్బ తగిలిందన్నదే.

మగవాడు మగవాడితో గడపడం కూడా మనం ఎరగనట్టు నటించే సంగతి. అటువంటి కలయికలో, ముఖ్యంగా మలద్వారం ద్వారా జరిగేదానిలో, కండోము లేకపోతే హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం మరింత ఎక్కువ. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తరవాత, పెద్దవాళ్ళయిన ఇద్దరి ఇష్టంతో జరిగే అటువంటి కలయిక నేరం కాదు. కనుక డాక్టరు దగ్గర దాచవలసిన పని లేదు. దాస్తే వైద్యం తప్పుదారి పడుతుంది.

ఏ లక్షణం దేనికి గుర్తు?

మూత్రంలో మంట, అంగం నుంచి చీము: కలయిక తరవాత రెండు రోజుల నుంచి వారం లోపల చిక్కటి పసుపుపచ్చని చీము కారితే అది ఎక్కువగా గనేరియా. పూర్వం సెగ రోగం అనేవారు. పల్చగా, కొంచెం ఆలస్యంగా వస్తే క్లమీడియా కావచ్చు. రెండూ ఒకేసారి కూడా ఉండవచ్చు.

నొప్పి లేని పుండు: కలయిక అయిన పది రోజుల నుంచి మూడు నెలల లోపల, సాధారణంగా మూడు వారాలకు, గట్టి అంచుతో ఒకే పుండు లేచి, నొప్పి లేకపోతే సిఫిలిస్ అని అనుమానించాలి. దీన్నే సవాయి అనేవారు. ఇది మోసకారి జబ్బు. మందు వేయకపోయినా కొన్ని వారాల్లో పుండు మానిపోతుంది. "పోయింది, పీడ విరగడయింది" అనుకుంటాం. క్రిమి మాత్రం రక్తంలో ఉండిపోతుంది. తరవాత అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దుర్లు రావచ్చు. అవీ వాటంతటవే పోతాయి. ఏళ్ళు గడిచాక గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాన్ని, మెదడును పాడుచేస్తుంది. గర్భిణికి సోకితే బిడ్డ కడుపులోనే పోవచ్చు. ఇంత జబ్బూ తొలి దశలో పెనిసిలిన్ ఇంజక్షనుతో లొంగిపోతుంది.

మంట పెట్టే చిన్న చిన్న నీటిపొక్కులు: హెర్పిస్. దీన్ని శరీరం నుంచి పూర్తిగా తీసేసే మందు లేదు, కాని అదుపులో ఉంచే మందులున్నాయి.

గజ్జల్లో బిళ్ళలు కట్టడం, వృషణాల్లో వాపు, నొప్పి: ఇవి కూడా సుఖవ్యాధుల లక్షణాలు కావచ్చు. వృషణంలో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే మాత్రం అది మెలిపడడం కావచ్చు. గంటల్లో ఆపరేషను చేయకపోతే వృషణం దక్కదు. అప్పుడు సిగ్గుపడుతూ తెల్లవారేదాకా ఆగవద్దు.

ముఖ్యమైన మాట ఒకటి. ఆడవారిలో ఈ జబ్బులు చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు. భర్తకు చీము కారితే తెలుస్తుంది, భార్యకు లోలోపలే గర్భనాళాలు పూడిపోతాయి. పిల్లలు లేరని ఆమెను అత్తవారింట ఆడిపోసుకుంటారు. జబ్బు తెచ్చింది ఎవరో ఆ ఇంట్లో ఒక్కడికే తెలుసు, అతనే నోరు విప్పడు.

మందుల షాపు వైద్యం

"ఫలానా మాత్ర రెండు రోజులు వేసుకో, ఆగిపోతుంది" అని షాపులో ఇస్తారు. చీము ఆగుతుంది. క్రిమి సగం చస్తుంది, సగం మొండికేస్తుంది. గనేరియాకు ఒకప్పుడు పనిచేసిన సిప్రోఫ్లాక్ససిన్ ఈనాడు మన దేశంలో చాలాచోట్ల పనిచేయకపోవడానికి ఇటువంటి అరకొర వాడకం కూడా ఒక కారణం. మరొక ఇబ్బంది ఏమంటే, మీరు మాత్ర వేసుకున్నారు, మీ భార్య వేసుకోలేదు. వారం తిరక్కుండా ఆమె నుంచి మళ్ళీ మీకే వస్తుంది. సుఖవ్యాధికి వైద్యం ఎప్పుడూ జంటకు చేయాలి. మందులు పూర్తయి, డాక్టరు చెప్పేవరకు కలయిక మానాలి.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో "సురక్ష క్లినిక్" అనే పేరుతో ఈ జబ్బులకు విడిగా గది ఉంటుంది. లక్షణాన్ని బట్టి రంగురంగుల పెట్టెల్లో మందులు ఉచితంగా ఇస్తారు. చీముకు బూడిదరంగు పెట్టె, నొప్పి లేని పుండుకు తెల్ల పెట్టె, ఇలాగన్నమాట. అమలాపురంలో తెలిసినవాళ్ళు చూస్తారని భయమయితే రాజమండ్రి వెళ్ళండి, కాకినాడ వెళ్ళండి. ఎక్కడికైనా సరే, వెళ్ళడం ముఖ్యం.

హెచ్.ఐ.వి. సంగతి

మన దేశంలో ఈ క్రిమిని మొదట కనుగొన్నది 1986లో మద్రాసులో, డాక్టర్ సునీతి సోలొమన్ బృందం. ఆ తరవాతి ఏళ్ళలో అది మన రాష్ట్రాన్ని గట్టిగా తాకింది. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో హెచ్.ఐ.వి. ఉన్నవారు నూటికి 0.21 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే దేశపు సగటుకు మూడు రెట్లు. రాష్ట్రంలో సుమారు మూడు లక్షల ఇరవై వేల మంది ఆ క్రిమితో జీవిస్తున్నారు. కొత్తగా సోకేవారి సంఖ్య మునుపటికంటే బాగా తగ్గింది. కాని ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఆనాటి చావులను చూడలేదు. అందుచేత భయమూ పోయింది, జాగ్రత్తా పోయింది.

తెలియవలసినవి ఇవి. ఒకే కంచంలో తింటే రాదు, దోమకాటుతో రాదు, కరచాలనంతో రాదు. కలయిక వల్ల, క్రిమి ఉన్న రక్తం వల్ల, ఒకరి సూది మరొకరు వాడడం వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. మనిషి ఎర్రగా బుర్రగా ఉన్నంత మాత్రాన క్రిమి లేదనుకోకూడదు. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు. వేరే సుఖవ్యాధి పుండు ఉన్నవారికి ఇది మరింత సులువుగా సోకుతుంది.

ప్రమాదకరమైన కలయిక జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే డాక్టరును కలవండి. అవసరమనుకుంటే 28 రోజులు వాడే నివారణ మందులుంటాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ గడువు దాటితే పరీక్ష చేయించుకోండి. మర్నాడే చేయించుకుని "లేదు" అన్నారని సంబరపడవద్దు. రక్తంలో తెలియడానికి వ్యవధి పడుతుంది. మూడు నెలలు నిండాక మళ్ళీ చేయిస్తేనే నిశ్చింత.

ఉందని తేలినా బతుకు ముగిసిపోలేదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి, జబ్బు ముదిరేదాకా ఆగకుండా, తేలిన వెంటనే అందరికీ మొదలుపెడుతున్నారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈ చికిత్సా కేంద్రం ఉంది. ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్రే. మానకుండా వేసుకుని, రక్తంలో క్రిమి కనిపించనంతగా తగ్గి, అలాగే నిలబడితే, కలయిక ద్వారా అది రెండో మనిషికి సోకదు. భార్యాబిడ్డలతో నిండు జీవితం గడపవచ్చు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఊరంతా చెప్పడం 2018లో అమలులోకి వచ్చిన చట్టం ఒప్పుకోదు. నోరు తెరిచి ఎవరినీ అడగలేనివారు 1097 నంబరుకు ఫోను చేయండి. అది ఉచితం, పేరు చెప్పనక్కరలేదు.

విమానం ఎక్కేముందు, పల్లకీ ఎక్కేముందు

కోనసీమలో చాలామంది యువకులకు తమ రక్తం సంగతి మొదటిసారి తెలిసేది గల్ఫ్ మెడికల్‌లోనే. ఆ దేశాలు వీసాకు ముందు హెచ్.ఐ.వి., కామెర్లు తెచ్చే బి, సి క్రిములు, సిఫిలిస్, క్షయ పరీక్షలు చేయిస్తాయి. ఏజంటుకు డబ్బు కట్టి, పొలం తాకట్టు పెట్టి, చివరికి "అన్‌ఫిట్" అన్న ముద్ర పడితే ఆ కుర్రాడి మనసు ఎలా ఉంటుంది? ఇంట్లో ఏమని చెబుతాడు? అప్పు చేయకముందే, ఏ ప్రభుత్వాసుపత్రిలోనో ఉచితంగా, గుట్టుగా ఈ పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని. సిఫిలిస్ ఉంటే వైద్యం జరుగుతుంది. బి రకం కామెర్లు లేకపోతే మూడు మోతాదుల టీకా వేయించుకోవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది పెళ్ళి. రెండు నెలల సెలవులో వచ్చిన అబ్బాయికి పెళ్ళిచూపులు, నిశ్చితార్థం, పెళ్ళి అన్నీ చకచకా జరిపిస్తాం. జాతకాలు ముగ్గురు పంతుళ్ళకు చూపిస్తాం. రక్తం మాత్రం ఒక్కరికీ చూపించం. ముహూర్తానికి ముందు వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా రక్తపరీక్ష చేయించుకోవడం ఎవరి పరువుకూ తక్కువ కాదు. ఏ పాపమూ ఎరగని ఆడపిల్ల కాపురానికి వచ్చిన పుణ్యానికి జబ్బు తెచ్చుకోవడమే పరువుతక్కువ.

పెద్దలకు ఒక మాట

"ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు" అంటారు. మీరు చెప్పకపోయినా ఫోను చెబుతోంది, అదీ తప్పుగా చెబుతోంది. నీలిచిత్రాల్లో చూసిందే సంసారమనుకుని పెళ్ళయ్యాక భార్యను హింసించేవాళ్ళు, తమలో లోపముందని కుంగిపోయేవాళ్ళు తయారవుతున్నారు. తండ్రికి నోరు రాకపోతే మేనమామ చెప్పవచ్చు, బావ చెప్పవచ్చు, బడిలో మాస్టారు చెప్పవచ్చు. మూడు మాటలు చాలు. స్వప్నస్ఖలనం జబ్బు కాదు. ఇష్టం లేని ఆడపిల్లను తాకడం తప్పు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల ఇష్టపడినా సరే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది నేరమే.

ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: కండోము చిరిగిపోతోంది. కొబ్బరినూనె రాస్తే మంచిదంటున్నారు. నిజమేనా? – రాజోలు

జవాబు: ఆ పని చేయకండి. కొబ్బరినూనె గాని, మరే నూనె గాని తగిలితే ఆ రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీటితో తయారైన జెల్లీ మాత్రమే వాడాలి. ప్యాకెట్టు మీద గడువు తేదీ చూడండి. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికి పాడవుతుంది. తొడిగేటప్పుడు కొసలో గాలి లేకుండా నొక్కిపట్టండి. ఒకదాని మీద ఒకటి రెండు తొడగకండి. 1968లో "నిరోధ్" వచ్చినప్పటి నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఇవి ఉచితంగా దొరుకుతున్నాయి.

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్ళు. మొదటిరాత్రికని మిత్రుడు ఒక మాత్ర ఇచ్చాడు. వేసుకోవచ్చా? – కొత్తపేట

జవాబు: అక్కరలేదు. కొత్తలో కంగారు వల్ల తడబడడం సహజం. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. డాక్టరు చూడకుండా ఆ మాత్రలు మింగితే తలనొప్పి, కళ్ళు తిరగడం రావచ్చు. గుండెజబ్బుకు నైట్రేటు మందులు వాడేవారికైతే ప్రాణం మీదకే వస్తుంది.

ప్రశ్న: పెళ్ళికి ముందు, ఏడాది క్రితం, ఒక పొరపాటు జరిగింది. ఒక పుండు లేచి దానంతటదే మానిపోయింది. ఇప్పుడు నా భార్యకు మూడో నెల. చెబితే కాపురం కూలిపోతుందేమోనని భయంగా ఉంది. – అమలాపురం దగ్గరి పల్లె

జవాబు: మీరు రాసినది సిఫిలిస్ కావచ్చు, కాకపోవచ్చు. తేల్చేది రక్తపరీక్ష ఒక్కటే. గర్భిణులందరికీ ప్రభుత్వాసుపత్రిలో హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయాలన్నది నియమం. ఆమెకు ఆ పరీక్షలు అయ్యాయో లేదో ఈ వారంలోనే చూడండి. మీరు కూడా అదే రోజు చేయించుకోండి, పుండు సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. మూడో నెలలో తెలిసి పెనిసిలిన్ ఇస్తే తల్లితోపాటు బిడ్డను కూడా దాదాపు ఎప్పుడూ కాపాడవచ్చు. ఏడో నెల దాకా ఆగితే ఆ మాట అంత ధైర్యంగా చెప్పలేం. భార్యకు చెప్పడం కష్టమే. ఆసుపత్రిలో కౌన్సెలరు ఉంటారు, వారి సమక్షంలో చెప్పండి. కాపురం సంగతి మీ ఇద్దరూ తరవాత చూసుకోవచ్చు, బిడ్డకు మాత్రం అంత వ్యవధి లేదు. రేపే వెళ్ళండి.